ఇంట్లోనే స్ప్లెండర్ ఇంజిన్ పని: మొదటి బోల్టు విప్పక ముందు చేసుకోవలసిన ఏర్పాట్లు

స్ప్లెండర్ ఇంజిన్‌ను ఇంట్లో విప్పి, అరిగిన భాగాలు మార్చి, తిరిగి బిగించుకోవడం ఓపిక ఉన్నవారికి అసాధ్యమేమీ కాదు. 1994లో హీరో హోండా సంస్థ విడుదల చేసిన ఈ బండిలోని 97.2 సీసీ ఇంజిన్ నిర్మాణం చాలా సరళమైనది. ఒకే సిలిండర్, గాలితో చల్లబడే ఏర్పాటు, హెడ్‌లో ఒక క్యామ్‌షాఫ్ట్, రెండు వాల్వులు, నాలుగు గేర్లు; అంతకు మించి చిక్కు లేదు. స్పేర్లు మండల కేంద్రాల్లో కూడా దొరుకుతాయి. అయినా ఇంట్లో మొదలుపెట్టిన పనులలో చాలా భాగం చివరికి గోనెసంచిలో మూటగట్టిన ముక్కల రూపంలో మెకానిక్ దగ్గరికే చేరుతుంటాయి. బిగించడం చేతకాక ఇలా జరిగేది తక్కువ. విప్పక ముందే తేల్చుకోవలసిన విషయాలను తేల్చుకోకుండా స్పానర్ పట్టడం వల్ల జరిగేదే ఎక్కువ. అందువల్ల ఈ వ్యాసంలో విప్పే విధానం జోలికి పోకుండా, అంతకు ముందు జరగవలసిన పరిశీలన, కొనుగోళ్లు, ఏర్పాట్ల గురించి మాత్రమే వివరిస్తున్నాను. ఇక్కడ చెప్పినది కార్బురేటర్ ఉన్న పాత బండ్లకు వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 కాలుష్య నిబంధనల ప్రకారం వచ్చిన ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్లు, వైరింగు అదనంగా ఉంటాయి కనుక, మొదటిసారి చేతులు పెట్టేవారు వాటితో ఆరంభించకపోవడం మంచిది.

అసలు ఇంజిన్ విప్పవలసిన అవసరం ఉందా

పికప్ తగ్గింది, మైలేజీ పడిపోయింది అనగానే ఇంజిన్ బోరుకు (సిలిండర్ లోపలి గోడను కోసి వెడల్పు చేయించే పనికి) వచ్చిందని నిర్ణయించడం తొందరపాటు. క్లచ్ ప్లేట్లు అరిగి జారుతున్నప్పుడు ఇంజిన్ శబ్దం పెరుగుతుంది గాని బండి వేగం అందుకోదు. వెనుక బ్రేకు పట్టేసి ఉన్నా, చైన్ బిగుసుకుపోయినా, ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా మైలేజీ తగ్గుతుంది. బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పి చూడడం, ఫిల్టర్ తీసి చూడడం, క్లచ్ కేబుల్‌కు తగినంత ప్లే (వదులు) ఉందో లేదో గమనించడం అరగంట పని; ఆ అరగంట పనితో వేల రూపాయల ఖర్చు తప్పిన సందర్భాలు లేకపోలేదు.

సైలెన్సర్ పొగ చాలా విషయాలు చెబుతుంది. నల్లటి పొగ వస్తే పెట్రోలు ఎక్కువగా పోతున్నట్టు; అది కార్బురేటర్‌కో ఫిల్టర్‌కో సంబంధించినది. నీలిఛాయ ఉన్న తెల్లటి పొగ, దానితో పాటు నూనె మాడిన వాసన వస్తుంటే ఇంజిన్ ఆయిల్ తాగుతోందని అర్థం. అయితే ఆయిల్ ఎటు నుంచి పోతోందో కూడా గమనించాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కొంతసేపు పొగ వచ్చి ఆగిపోతే, లేదా వాలులో యాక్సిలరేటర్ వదిలేసి దిగి, మళ్లీ ఇచ్చిన క్షణంలో గుప్పుమని వస్తే వాల్వ్ సీళ్లను, గైడ్లను అనుమానించాలి. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా యాక్సిలరేటర్ ఇస్తున్నంతసేపూ పొగ వస్తూనే ఉంటే రింగులూ బోరూ అరిగినట్టు భావించవచ్చు.

సిలిండర్ లోపలి ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ గేజ్ అందుబాటులో ఉంటే కొలిచి చూడవచ్చు. కొలత తక్కువ వచ్చినప్పుడు ప్లగ్ రంధ్రంలోంచి ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవమని, అప్పుడు పెరిగితే రింగులు అరిగినట్టని అందరూ చెబుతారు. నిలువు సిలిండర్ విషయంలో అది సరైన సలహాయే. స్ప్లెండర్ సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకున్నట్టు ఉంటుంది. పోసిన ఆయిల్ పిస్టన్ చుట్టూ సమానంగా పరచుకోకుండా కింది వైపుకు చేరుతుంది కాబట్టి ఆ పరీక్ష ఈ బండి విషయంలో తప్పుదారి పట్టించవచ్చు. అంతకన్నా నమ్మదగిన పరీక్ష గాలి ఎక్కించి వినడం. పాత స్పార్క్ ప్లగ్ లోపలి పింగాణీ తీసేసి, దానికి ట్యూబ్ వాల్వు అతికించి ఇమ్మంటే లేత్ షాపులో చేసి ఇస్తారు. మ్యాగ్నెట్ (క్రాంక్ కొనకు బిగించిన, అయస్కాంతాలున్న చక్రం) మీద ఉన్న టీ గుర్తు కవర్ మీది గీతకు ఎదురుగా వచ్చి, వాల్వులను నొక్కే రెండు టాపెట్లూ కొద్దిగా కదులుతున్న స్థితిలో పిస్టన్‌ను నిలపాలి. తరువాత బండిని టాప్ గేరులో ఉంచి, మరొకరిని వెనుక బ్రేకు తొక్కి పట్టమని, తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించాలి. పిస్టన్ ఏమాత్రం పక్కకు ఉన్నా గాలి ఒత్తిడికి చక్రం ఒక్కసారిగా తిరిగే ప్రమాదం ఉంది కాబట్టి చేతులు చక్రానికీ చైన్‌కూ దూరంగా ఉండాలి. గాలి బుస కొట్టే శబ్దం ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగుల లోపం, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు లోపం, కార్బురేటర్ వైపు వినిపిస్తే ఇన్లెట్ వాల్వు లోపం. మెషీను ఏదీ లేకుండా, కేవలం చెవితో ఇంత స్పష్టంగా జబ్బు చెప్పగలిగే పరీక్ష నాకు మరొకటి తెలియదు.

హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా

మెకానిక్‌లు ఇంజిన్ పనిని రెండు రకాలుగా చెబుతారు. హెడ్, సిలిండర్ బ్లాక్, పిస్టన్, వాల్వులు, టైమింగ్ చైన్ వరకు చేసేది హాఫ్ ఇంజిన్. క్రాంక్‌ను, గేర్లను పట్టి ఉంచే క్రాంక్‌కేస్ అనే పెట్టెను రెండుగా విడదీసి, క్రాంక్, బేరింగులు, గేర్ల వరకు వెళ్లేది ఫుల్ ఇంజిన్. ఈ రెంటి మధ్య ఖర్చులోనే కాదు, కావలసిన పనిముట్లలోనూ, పట్టే రోజుల్లోనూ చాలా తేడా ఉంటుంది. అవసరం లేకుండా క్రాంక్‌కేస్ విడదీయవద్దని నా గట్టి అభిప్రాయం. బాగున్న బేరింగులను కదిలించి, కొత్తవి సరిగా కూర్చోక, అంతకు ముందు లేని శబ్దం తెచ్చుకున్నవారిని చూశాను.

ఈ విషయంలో ముందుగానే ఆధారం ఇచ్చేది పాత ఆయిలే. ఇంజిన్ కాస్త వేడిగా ఉన్నప్పుడు ఆయిల్‌ను శుభ్రమైన టబ్బులోకి దించి, తెల్లటి పాత పంచె గుడ్డతో వడగట్టి ఎండలో చూడాలి. అయస్కాంతానికి అంటుకునే రజను కనిపిస్తే గేర్లనో, బేరింగులనో, ఇనుప భాగాలు వేటినో అనుమానించాలి. అంటుకోకుండా వెండిలా మెరిసే పొడి అల్యూమినియానిది. పిస్టన్ రాసుకుపోయినప్పుడు అది వస్తుంది. నడుస్తున్నప్పుడు లోతుగా, లోడు పడేకొద్దీ పెరిగే టకటక శబ్దం ఉంటే కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు పోయి ఉండవచ్చు. చివరి నిర్ణయం మాత్రం బ్లాక్ బయటికి వచ్చాకే జరుగుతుంది. రాడ్‌ను పట్టుకొని దాని పొడవు దిశలో లాగి, నెట్టి చూసినప్పుడు చేతికి ఏమాత్రం ప్లే తగలకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజం; దాన్ని చూసి కంగారుపడి రాడ్ కిట్ కొనుక్కోవడం చాలామంది చేసే పొరపాటు. కనుక ప్రణాళికలో హాఫ్ ఇంజిన్‌కు సిద్ధపడుతూనే, బ్లాక్ తీసిన రోజున ఆగి ఈ పరీక్ష చేసి, అవసరమైతే ఫుల్ ఇంజిన్‌కు వెళ్లేందుకు డబ్బూ సమయమూ విడిగా పెట్టుకోవాలి.

ఇంట్లో జరిగేది, లేత్ షాపులో జరిగేది

ఇంట్లో ఇంజిన్ కట్టడం అంటే ప్రతి పనీ ఇంట్లోనే చేయడం అని అర్థం కాదు. బోరు చేయించడం, హోనింగ్ (బోరు గోడను రాయితో సన్నగా రుద్దడం), వాల్వ్ సీట్ల కటింగ్, గైడ్లు మార్చడం, విరిగిన స్టడ్డు తీయించి మరలు వేయించడం లేత్ షాపు పనులు. క్రాంక్‌కు కొత్త రాడ్ కిట్ వేయడం కూడా అటువంటిదే. ఈ బండి క్రాంక్ ఒత్తిడితో కూర్చిన ముక్కల కలయిక కాబట్టి దాన్ని విడదీసి కలపడానికి హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి, కలిపాక డయల్ గేజ్ పెట్టి తిప్పుతూ వంకర సరిచేయాలి. సుత్తితో కొట్టి కూర్చోబెట్టిన క్రాంక్ కొద్ది రోజులకే బేరింగులను తినేస్తుంది.

కాబట్టి ఇంజిన్ దించడానికి ముందే లేత్ షాపును ఎంచుకొని, ఒకసారి వెళ్లి మాట్లాడి రావాలి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోనో, విశాఖలో గాజువాక దగ్గరి ఆటోనగర్‌లోనో ఇటువంటి షాపులు వరుసగా కనిపిస్తాయి. చిన్న పట్టణాల్లో ఒకటి రెండు మాత్రమే ఉంటాయి. అక్కడ ముగ్గురు మెకానిక్‌లు ఎవరి పేరు చెబుతారో ఆ షాపుకే వెళ్లడం నయం. మాట్లాడేటప్పుడు అడగవలసినవి ముఖ్యంగా రెండు. బోరు చేశాక హోనింగ్ చేసి ఇస్తారా, లేక బోరు గీతలతోనే ఇచ్చేస్తారా అన్నది మొదటిది. హోనింగ్ చేసిన గోడ మీద ఒకదానినొకటి అడ్డంగా కోసుకునే సన్నని గీతలు కనిపించాలి. ఆయిల్ నిలిచి, కొత్త రింగులు కుదురుకునేది వాటి వల్లనే. పిస్టన్‌ను కొలిచి దానికి తగ్గట్టు బోరు చేస్తారా, లేక అంచనా మీద చేస్తారా అన్నది రెండవది. పిస్టన్ తెమ్మని వారే ముందుగా అడిగితే ఆ షాపును నమ్మవచ్చు.

రోజుల లెక్క కూడా ఇక్కడే వేసుకోవాలి. శనివారం విప్పి ఆదివారం బిగించేద్దామన్న ఆలోచన ఎప్పుడూ నెరవేరదు. ఒక వారాంతంలో విప్పడం, మధ్య వారమంతా లేత్ పనికీ స్పేర్లకూ వదిలిపెట్టడం, తరువాతి వారాంతంలో బిగించడం సాధ్యమయ్యే లెక్క. దసరాకు ముందు మొదలుపెడితే ఆయుధ పూజ పేరుతో మెషీన్లన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, షాపులు మూసేస్తారు. సంక్రాంతికి పనివారు ఊళ్లకు వెళ్లిపోతారు. ఉద్యోగానికి అదే బండి మీద వెళ్లేవారు ఆ పది పన్నెండు రోజులకు మరో ఏర్పాటు చూసుకున్నాకే విప్పాలి. లేకపోతే తొందర పుడుతుంది, తొందరలో పిస్టన్ పిన్‌ను పట్టి ఉంచే సర్కిలిప్ ఎగిరిపోతుంది.

స్పేర్లు: కొనే వరుస

ఈ పనిలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా కొనుగోలు వరుస తప్పడం వల్లనే. నేను మొదటిసారి చేసినప్పుడు ఉత్సాహం ఆగక, 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ (అసలు కొలత కన్నా పెద్ద) పిస్టన్ కిట్ ముందే తెచ్చి పెట్టుకున్నాను. లేత్ షాపులో బోరు కొలిచి, అరుగుదల ఎక్కువగా ఉంది, 0.50 వేస్తే తప్ప గోడ శుభ్రం కాదన్నారు. ప్యాకెట్ విప్పాను కాబట్టి కొన్నచోట వెనక్కు తీసుకోలేదు. ఆ పిస్టన్ ఇప్పటికీ నా బల్ల మీద పేపర్‌వెయిట్‌గా ఉంది.

ఈ ఇంజిన్ అసలు బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల పెంపుతో వస్తాయి. బండి పాతదైతే ఇంతకు ముందే బోరు అయి ఉండవచ్చు. పిస్టన్ తల మీద ముద్రించిన అంకె దాన్ని చెబుతుంది. చివరి సైజు కూడా అయిపోయి ఉంటే కొత్త బ్లాకో, కొత్త స్లీవో వేయించాలి. కనుక వరుస ఇలా ఉండాలి: ముందు బ్లాక్ విప్పి లేత్ షాపులో కొలిపించి ఏ సైజు కావాలో తెలుసుకోవాలి, తరువాత ఆ సైజు పిస్టన్ కొనాలి, ఆ పిస్టన్‌ను బ్లాక్‌తో పాటు షాపుకు ఇచ్చి, దాని కొలతకు బోరు చేయించాలి. తిరిగి వచ్చాక రింగులను ఒక్కొక్కటిగా బోరులో పెట్టి, కొనల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నని రేకులతో) చూసుకోవాలి.

సైజుతో సంబంధం లేనివి మాత్రం ముందే కొనవచ్చు. పూర్తి గాస్కెట్ కిట్, వాల్వ్ సీళ్లు, ఓ రింగులు, ఆయిల్ సీళ్లు, పిస్టన్ పిన్ సర్కిలిప్పులు, టైమింగ్ చైన్, దాని రబ్బరు రోలర్లు, కొత్త స్పార్క్ ప్లగ్, ఇంజిన్ ఆయిల్ ఈ కోవలోకి వస్తాయి. ఆయిల్ మాత్రం రెండుసార్లకు సరిపడా తీసుకోవాలి, ఎందుకంటే కొత్తగా కట్టిన ఇంజిన్‌లో మొదట పోసిన ఆయిల్‌ను త్వరగానే మార్చవలసి వస్తుంది. సర్కిలిప్పులను, గాస్కెట్లను పాతవి బాగానే ఉన్నాయని తిరిగి వాడడం పొదుపు అనిపించుకోదు. కొన్ని రూపాయల సర్కిలిప్ ఊడితే కొత్త బోరంతా గీసుకుపోతుంది. పేరున్న కంపెనీ డబ్బాలో నకిలీ సరుకు వస్తున్న కాలం కాబట్టి, పిస్టన్, రింగులు, వాల్వులు అధీకృత డీలరు దగ్గర బిల్లుతో తీసుకోవడం మేలు. మిగిలినవాటికి హైదరాబాద్ పుత్లీబౌలి వంటి స్పేర్ల బజారులో ధరలు పోల్చుకొని కొనవచ్చు.

సెకండ్‌హ్యాండ్ భాగాల విషయంలో ఒక హెచ్చరిక అవసరం. పాత హెడ్డో, బ్లాకో స్క్రాపు నుంచి తెచ్చుకుంటే అది కొలతల సమస్య మాత్రమే. క్రాంక్‌కేస్ తెచ్చుకుంటే అది చట్టపరమైన సమస్య అవుతుంది. ఇంజిన్ నంబర్ ఉండేది దాని మీదనే. ఆర్‌సీలో ఉన్న నంబర్‌తో అది కలవకపోతే బండి అమ్మేటప్పుడూ, పోలీసులు తనిఖీ చేసినప్పుడూ, బీమా క్లెయిము సమయంలోనూ జవాబు చెప్పుకోలేని పరిస్థితి వస్తుంది. మార్చక తప్పకపోతే ముందుగా ఆర్టీవో కార్యాలయంలో అనుమతి విధానం కనుక్కోవాలి.

బడ్జెట్ రాసుకునేటప్పుడు స్పేర్లు, లేత్ కూలి ఒక పక్కన వేసి, ఆ మొత్తంలో మూడో వంతును చిల్లర ఖర్చుల కింద అదనంగా ఉంచుకోవాలని సూచిస్తాను. విరిగిన స్టడ్డు, మరలు పోయిన డ్రెయిన్ బోల్టు, విప్పాక బయటపడిన క్లచ్ అరుగుదల, పుల్లర్ అద్దె ఇవన్నీ అందులోనే సర్దుకోవాలి.

పనిముట్లు, చోటు

8 నుంచి 19 వరకు మంచి రకం రింగు స్పానర్లు, సాకెట్లు, 8, 10, 12 టీ స్పానర్లు ఉంటే చాలా భాగం పని జరుగుతుంది. వీటికి తోడు సర్కిలిప్ ప్లయర్, ఫీలర్ గేజ్, బిగుసుకుపోయిన స్క్రూలకు ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ కొనుక్కోవడం మంచిది. మ్యాగ్నెట్ పుల్లర్, క్లచ్ వైపు గాడుల నట్టుకు సరిపడే సాకెట్, వాల్వ్ స్ప్రింగు నొక్కే పనిముట్టు మూడూ ఈ బండికి సరిపోయేవే కావాలి. కొనలేకపోతే తెలిసిన మెకానిక్ దగ్గర ఒక పూటకు అడిగి తెచ్చుకోవచ్చు. పుల్లర్ లేకుండా మ్యాగ్నెట్‌ను స్క్రూడ్రైవర్‌తో ఎత్తి, సుత్తితో కొట్టడం కన్నా పని ఆపేయడం నయం.

ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ విషయంలో రాజీ పడకూడదు. అల్యూమినియంలోకి దిగే బోల్టులకు చేతి అంచనా పనికిరాదు. పాత సర్వీస్ మాన్యువళ్లలో బిగింపు కొలతలు కిలోగ్రాము మీటర్లలో ఉంటాయి, ఇప్పుడు అమ్మే రెంచుల మీద న్యూటన్ మీటర్లు ఉంటాయి. ఒక కిలోగ్రాము మీటరు సుమారు 9.8 న్యూటన్ మీటర్లకు సమానం. ఈ మార్పు చేయకుండా అంకెను అలాగే చదివినవారు హెడ్ నట్లను వదులుగా వదిలేసే ప్రమాదం ఉంది. టాపెట్ సందు, బిగింపు కొలతలు మోడలును బట్టి మారుతాయి కాబట్టి మీ బండి సంవత్సరానికి చెందిన సర్వీస్ మాన్యువల్‌ను సంపాదించి, కావలసిన అంకెలన్నీ ఒక పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటించుకోవాలి. నూనె చేతులతో ఫోను తెరిచి వెతకడం కుదరదు.

చోటు విషయానికి వస్తే, వాన జల్లు పడని, రోడ్డు దుమ్ము రాని, రెండు వారాలపాటు ఎవరూ కదిలించని మూల కావాలి. పాత తలుపు చెక్క మీద మందపాటి అట్ట పరిస్తే మంచి బల్ల తయారవుతుంది. బోల్టుల కోసం అట్ట మీద క్లచ్ కవర్, మ్యాగ్నెట్ కవర్ల ఆకారాలు గీసి, రంధ్రాలు చేసి, ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే గుచ్చాలి, ఎందుకంటే వాటి పొడవులు వేరువేరుగా ఉంటాయి. హెడ్ నట్లలోనూ మూసిన తల ఉన్నవి, లేనివి, రాగి వాషరు పడేది ఉంటాయి. వాటి స్థానాలు మారితే ఆయిల్ లీకవుతుంది. వాల్వు, దాని స్ప్రింగు, లాకులు కలిసి ఉండేందుకు పాత ఇడ్లీ ప్లేటు ఎంతో అనువుగా ఉంటుంది. అది తిరిగి వంటింట్లోకి వెళ్లదన్న సంగతి ఇంట్లో ముందే చెప్పి తీసుకోవాలి.

కడగడానికి డీజిల్, బ్రష్షులు, రెండు టబ్బులు సరిపోతాయి. లేత్ నుంచి వచ్చిన బ్లాక్‌కు మాత్రం డీజిల్ చాలదు. హోనింగ్ రాయి పొడి గీతల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి వేడినీళ్లు, సబ్బు పొడితో తెల్లగుడ్డ మాయనంత వరకు రుద్ది కడిగి, వెంటనే తుడిచి ఆయిల్ రాయాలి. తీర ప్రాంతంలో ఉన్నవారు ఈ ఆయిల్ రాసే పనిని సాయంత్రానికి వాయిదా వేస్తే బోరు మీద ఎర్రటి తుప్పు పొర కనిపిస్తుంది. పెట్రోలు ట్యాంకును ముందుగానే తీసి, పొయ్యికీ దీపారాధనకూ దూరంగా ఉంచాలి. దించిన ఆయిల్‌ను డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే మెకానిక్ షాపులో ఇవ్వాలి, కాలువలో పోయకూడదు.

ఇంజిన్ దించే ముందు మూడు రోజులు

సైలెన్సర్ నట్లు వేడికి, తుప్పుకు స్టడ్డులతో అతుక్కుపోయి ఉంటాయి. మూడు రోజుల ముందు నుంచి పూటపూటా తుప్పు వదిలించే స్ప్రే కొడుతూ ఉంటే అవి విరగకుండా వస్తాయి. ముందు రోజు, స్పార్క్ ప్లగ్ బిగించి ఉన్న స్థితిలోనే ఇంజిన్ బయటి భాగాన్ని బాగా కడగాలి; ముఖ్యంగా ఫ్రంట్ స్ప్రాకెట్ చుట్టూ గ్రీజుతో కలిసి గట్టిపడిన మట్టిని గీకి తీయాలి, ఆ మట్టే విప్పిన తరువాత బేరింగులలో పడుతుంది. వైర్ల కలయికలను, కేబుళ్ల దారులను, కార్బురేటర్ పైపులను రెండు మూడు వైపుల నుంచి ఫోటోలు తీసుకోవాలి.

ఇంజిన్ ఫ్రేములో ఉండగానే బలంగా బిగించి ఉన్న నట్లను కొద్దిగా సడలించి ఉంచుకోవడం మరో మంచి అలవాటు. బండిని టాప్ గేరులో పెట్టి, ఒకరు వెనుక బ్రేకు తొక్కి పట్టుకుంటే ఇంజిన్ తిరగకుండా నిలుస్తుంది కాబట్టి, స్ప్రాకెట్ బోల్టులు, మ్యాగ్నెట్ నట్టు తేలికగా కదులుతాయి. అదే ఇంజిన్ నేల మీదికి దిగాక వాటిని విప్పాలంటే ఒకరు దాని మీద కూర్చోవలసి వస్తుంది. ఇవి సడలించాక ఆయిల్ పూర్తిగా కారిపోయేందుకు రాత్రంతా వదిలేసి, ఉదయం ఇంజిన్ కింద పాత టైరు ఒకటి పెట్టి, తోడుగా మరొకరిని పిలుచుకొని, మౌంటింగ్ బోల్టులు తీయడం మొదలుపెట్టవచ్చు.